మూడు కొటేషన్లు, ఒక కంప్రెసర్

మా మామ సూది కొన్నా మూడు కొటేషన్లు తెస్తడు. ఉత్తగ అంటలేను. నా పెండ్లైన కొత్తల కుట్టుమిషన్ సూది విరిగితే, ఆబిడ్స్‌ల రెండు దుకాండ్లు, బేగం బజార్‌ల ఒకటి తిరిగి మూడు ధరలు చీటీ మీద రాసుకొచ్చిండు. మూడోనాడు సూది వచ్చింది. గప్పటికే నేను పక్కింటామెది అడుక్కొచ్చి, జాకెట్ కుట్టుకోని, తొడుక్కోని, పెండ్లికి పోయొచ్చిన గూడ.

ఆయన పేరు శ్రీపతి. సర్కారు ఆఫీసుల కొనుగోళ్ల సెక్షన్‌ల ముప్పై నాలుగేండ్లు చేసి, హెడ్ క్లర్కుగ దిగిండు. గుండుసూది కాంచి పంకా దాంక ఏది కొనాలన్నా మూడు దిక్కుల ధరలు అడగాలె, సీలేసిన కవర్లల్ల తెప్పియ్యాలె, గీతలు గొట్టి పక్కపక్కన రాయాలె, అప్పుడు కొనాలె. రిటైరై పన్నెండేండ్లాయె. సర్కారు ఆయన్ని విడిచింది గని ఆయన సర్కారును విడువలే.

నేను రజనిని, ఆయనకు ఒక్కతే కోడల్ని. మాది సిద్దిపేట దిక్కు పల్లె. నాంపల్లి స్టేషన్ వెనుక గల్లీల ఈ ఇంటికొచ్చి పందొమ్మిదేండ్లు. మా ఆయన సురేందర్‌కు ఆబిడ్స్‌ల సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణముంది, పొద్దున పోతే రాత్రికే వస్తడు. నేను పూలజడలు కడ్త. పెండ్లిపిల్ల జడ మీద కట్టేందుకు, గుడ్డ పట్టీ మీద మల్లెమొగ్గలు వరుసగ సూదితోని కుట్టి, నడుమ కనకాంబరాలు, గులాబి రెక్కలు పెట్టి చేస్త. ఒక్క జడకు ఆరేడు వందల మొగ్గలు పడ్తయి. తెల్లారకముందే జాంబాగ్‌కు పోయి మొగ్గలు తెచ్చుకోని కూసుంటే, మా అత్త అహల్య గూడ పక్కన కూసోని దారం ఎక్కిచ్చిస్తది. చేతులు పనిచేస్తుంటయి, నోరు అంతకన్న ఎక్కువ పనిచేస్తుంటది.

మామకు నా పూలపని మీద కోపమేం లేదు. నమ్మకం లేదు, గంతే.

"రజనీ, మల్లెపూలు మూడు నెలల ముచ్చట. జీతం పన్నెండు నెలల ముచ్చట" అనేటోడు. నారాయణగూడల ఆయన దోస్తు నడిపే బడిల ఆఫీసు కుర్చీ ఒకటి జూన్‌ల ఖాళీ అయితుందంటే, నా కోసం మాట్లాడి పెట్టిండు. ఆఖరికి ఇద్దరం ఒక ఒప్పందానికొచ్చినం. ఈ ఎండకాలం పెండ్లిళ్లల్ల నా పని నిలబడితే సరే. నిలబడకపోతే బడి తెరిచిన్నాడు నేను పోయి ఆ కుర్చీల కూసోవాలె. సరే అన్న. అన్న గని, ఆ కుర్చీని తలుచుకుంటేనే నాకు నడుము నొప్పి పుట్టేది.

నిలబడుడంటే ఏంది? మొగ్గ మండపంల విచ్చుకోవాలె, ఆటోల కాదు. ముందటేడు కాచిగూడ పెండ్లికి ఆటోల పోయిన. మే నెల ఎండ, వడగాలి. దిగేసరికి జడ ముఖం మాడ్చుకున్నది, పెండ్లిపిల్ల తల్లి అంతకన్న ఎక్కువ మాడ్చుకున్నది. క్యాబోళ్లను ఏసీ వెయ్యమంటే వినపడనట్టు కూసుంటరు. తడిగుడ్డలు, పళ్లాలు చూస్తే క్యాన్సిల్ గొట్టి పోతరు.

గసుమంటి టైముల హిమాయత్‌నగర్ నుంచి అనురాధమ్మ ఫోన్ చేసింది. ఆమె బిడ్డ శ్రీవిద్య పెండ్లి. పెండ్లిపిల్లకొకటి, అక్కచెల్లెండ్లకు ఏడు, మొత్తం ఎనిమిది జడలు. మే నెలల శుక్రవారం, పగలు పదకొండు నలభైకి ముహూర్తం.

"వాడిపోవద్దు రజనీ. పట్టపగలు ముహూర్తం. నాకు గదే భయం" అన్నది.

"జర గూడ ఫికర్ చెయ్యకున్రి అమ్మా, ఏసీ కారుల తెస్త" అన్న.

ఫోన్ పెట్టేసినంక యాదికొచ్చింది. కారు నాది కాదు, మా మామది.

ఆ కారు తొంభై తొమ్మిది మోడల్. నీలి రంగుది, చిన్నది. కంపెనీ ఆ మోడల్ బంద్ చేసి గూడ చానా ఏండ్లాయె. మామ రోజూ పొద్దున దాన్ని తుడుస్తడు, కవరు కప్పుతడు, ఆదివారం కవరు తీసి ఆబిడ్స్ దాంక ఒక చక్కర్ గొట్టి మళ్ల కప్పుతడు. స్టీరింగ్ ఇంకెవ్వల్ని ముట్టనియ్యడు. కన్నకొడుకునే ముట్టనియ్యలే. మా అత్త ఆ కారును సవతి అంటది. "నా ముఖం గిట్ల ఒక్కనాడన్న తుడిచినవా?" అని అడిగితే, "నువ్వు కవరు కింద ఉంటవా మరి?" అంటడు.

నేను భయపడుకుంట అడిగితే, వెంటనే ఒప్పుకున్నడు. అదే పెద్ద ఆశ్చర్యం. "మాట ఇచ్చినవు గద, నడువు. నేనే నడుపుత" అన్నడు. ఏసీ ఎట్లుందో చూద్దామని ఇద్దరం బయలెల్లినం. పెట్రోలు దండుగని మూడేండ్లాయె ఆయన ఆ బటన్ నొక్కక. పబ్లిక్ గార్డెన్ గేటు కాడ నొక్కిండు. ముందట్నుంచి కర్రుమని చప్పుడు, వెనుకనే రబ్బరు కాలిన వాసన. బేల్పూరి బండాయన గూడ తిరిగి చూసిండు.

"కంప్రెసర్ పట్టేసింది" అన్నడు మామ. చావు కబురు చెప్పినట్టే అన్నడు గని, మరుక్షణమే ఆయన కండ్లల్ల ఒక మెరుపు చూసిన. కొనేదేదో ఒకటి వచ్చింది. మూడు కొటేషన్లు తేవచ్చు!

*

ఇగ సూడున్రి మా మామ హుషారు. నోటుబుక్కు తీసిండు, స్కేలు తీసిండు, ఎర్ర సిరా పెన్ను తీసిండు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కాడ, కార్ల ఏసీల గురించి ఒక లావు పుస్తకం దొరికిచ్చుకున్నడు. సగం పేజీలు నూనె మరకలే. రెండు రోజులు దాన్ని చదివి నాకు పాఠం చెప్పిండు. కంప్రెసర్ అంటే ఏసీకి గుండె అట. ఇంజిన్ బెల్టు దాన్ని తిప్పుతది, అది గ్యాసును ఒత్తి పైపులల్లకు తోలుతది. ఎంత పెద్ద కంప్రెసరైతే ఒక్కో తిప్పుకు అంత ఎక్కువ గ్యాసును తోలుతదట.

"అంటే పెద్దదైతే ఎక్కువ చల్లగ" అన్నడు, సూత్రం కనిపెట్టినోని లెక్క.

మొదలు మా గల్లీ చివరనే ఉన్న ఖదీర్ భాయ్ షెడ్డుకు పోయినం. ఇరవై ఏండ్ల సంది కార్ల ఏసీలే చేస్తడు. గడ్డం నెరిసింది, ముక్కు మీద అద్దాలు, నోట్లె సోంపు. బానెట్ ఎత్తి చూసి, ధర చెప్పకుంట ప్రశ్నలు మొదలువెట్టిండు.

"బండి ఎటు దిక్కు పోతది సాబ్? ఏ టైముకు? లోపట ఎవరుంటరు?"

మామకు మండింది. "గవన్ని నీకెందుకయ్యా? కంప్రెసర్‌కు కొటేషన్ రాసియ్యి. కవర్ల పెట్టి అతికియ్యి."

"రాసుడేంది సాబ్? నేను ఎన్నడు ఎవ్వలికి రాసియ్యలే." ఖదీర్ భాయ్ నవ్వుకుంట నా దిక్కు తిరిగిండు. "నువ్వు చెప్పమ్మా, బండ్ల ఏం పోతది?"

"పూలు పోతయి భాయ్. పెండ్లి జడలు. పగటీలి పది పదకొండింటికి, గీ ఊర్లెనే."

"పూలా! మాషా అల్లా." చేతులు తుడుచుకున్నడు. "గట్లయితే జోరు చల్లదనం వద్దు, నిలకడ చల్లదనం కావాలె. చిన్న ఇంజిన్‌కు దాని సైజుదే పెట్టాలె. నా కాడ గిసుమంటి బండిదే ఒకటుంది. విప్పి, లోపల సీళ్లు, బేరింగులు నా చేతితోని మార్చిన. గని ముందుగల పాతది ఎందుకు చచ్చిందో చూడాలె. అది అరిగిన పొడి పైపులన్నిట్ల తిరిగుంటది. కడగకుంట కొత్తది పెడితే, కొత్తది గూడ చస్తది. మూడు రోజుల పని."

"పాత మాలా? గ్యారంటీ కాగితం?" అన్నడు మామ.

"కాగితమెందుకు సాబ్, నేనున్న గద."

మామ నోటుబుక్కు మూసిండు. తొవ్వ పొంటి ఒక్కటే మాట, "నేనున్న గద అంటడేంది? ఆడిట్‌ల అడిగితే ఖదీర్ భాయ్ ఉన్నడని రాస్తనా?" అని. మా ఇంటికి ఆడిట్ ఎవరొస్తరు మామా అని అడగబుద్ధయింది.

హిమాయత్‌నగర్‌ల అద్దాల తలుపులున్న ఏసీ సామాన్ల దుకాణమోళ్లు కవరిచ్చిన్రు. అసలు కంపెనీదే, కొత్తదే. గని మోడల్ బంద్ అయింది కాబట్టి మద్రాసు నుంచి రావాలె, నెల పడ్తది. నెలకు శ్రీవిద్య అత్తగారింట్ల పాతబడ్తది. కాచిగూడల ఇంకొకాయన కవరిచ్చిండు. అది పెద్ద జీపు బండ్లకు పెట్టే కంప్రెసర్. కొత్తది, డబ్బాల ఉన్నది, సగం ధరకే. బ్రాకెట్ వెల్డింగ్ చేసి ఒక్క పూటల బిగిస్తనన్నడు. ముద్రేసి ఏడాది గ్యారంటీ గూడ ఇస్తనన్నడు.

"మూడో కొటేషన్ లేదే" అని మామ నసిగిండు.

"గదెంత పని సార్!" అని కాచిగూడాయన లోపటికి పోయి, బామ్మర్ది దుకాణం లెటర్‌హెడ్ మీద తనే రాసి, తనే అతికిచ్చి తెచ్చిచ్చిండు. రెండిట్ల రాత ఒక్కటే. ముప్పై నాలుగేండ్లు గిసుమంటి కవర్లు చూసిన మనిషి, మా మామకు తెల్వదా? తెలుసు. గని మూడు కవర్లయినయి. రూలు నిండింది. ఆయన ముఖంల ఆ తృప్తి చూస్తే, నాకు ఏం అనబుద్ధి కాలే.

రాత్రి అన్నాలు తిన్నంక గీతలు గొట్టి పట్టిక వేసిండు. ధర, సైజు, గ్యారంటీ, దినాలు. నాలుగు గళ్లల్ల కాచిగూడదే గెలిచింది. ఖదీర్ భాయ్ పేరు పట్టికల ఎక్కనే లేదు. ఆయన అడిగిన ప్రశ్నలకు గూడ అండ్ల గడి లేదు.

*

పెండ్లి శుక్రవారం. ముందటి ఆదివారం ట్రయల్. కొత్త కంప్రెసర్ బిగిచ్చుకోని వచ్చిన మామ హారన్ గొట్టి ఇంటోళ్లందర్ని పిలిచిండు. మా ఆయనకు దుకాణం సెలవు, ఆయన ముందట కూసున్నడు. నేను, అత్త వెనుక. ఒళ్లె పళ్లెం, పళ్లెంల తడిగుడ్డ మీద ఒక జానెడు మల్లెజడ, పరీక్ష కోసం.

అబ్బబ్బ, ఏం చల్లదనం! పబ్లిక్ గార్డెన్ దాటలేదు, అత్త కొంగు నిండ కప్పుకున్నది. ఆబిడ్స్ వచ్చేసరికి నా చేతులు కొంకర్లు పోతున్నయి. బయట నలభై రెండు డిగ్రీల ఎండ, జనం తలకు తువ్వాళ్లు చుట్టుకోని పోతున్రు, లోపట మా పండ్లు టకటక కొట్టుకుంటున్నయి.

"ఎట్లుంది?" అన్నడు మామ, అద్దంల నన్ను చూసుకుంట.

"నా సవతి నన్ను చంపేటట్టున్నది" అన్నది అత్త, "స్వెటర్ తెస్తే అయిపోవు."

"గిదీ కెపాసిటీ అంటే!"

నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కినం. సగం ఎక్కినంక కారు దగ్గు మొదలువెట్టింది. మామ గేరు మార్చిండు. ఇంకింత దగ్గింది. వెనుక నుంచి బస్సు హారన్. ఆఖరికి ఒక్క ఊపు ఊగి, నట్టనడుమ ఆగింది.

"ఇంజిన్ చిన్నది, బరువు పెద్దది నానా, ఏసీ బంద్ చెయ్యి" అన్నడు మా ఆయన.

"బంద్ చేస్తే ట్రయల్ ఎట్లయితది?"

"ట్రయల్ అయిపోయింది నానా. దిగి నూకుడే మిగిలింది."

దిగినం. మా ఆయన, నేను, అరవై తొమ్మిదేండ్ల మా అత్త, ముగ్గురం కలిసి నూకినం. మామ లోపల స్టీరింగ్ పట్టుకున్నడు, దాన్ని ఎవ్వలికియ్యడు గద. బస్సుల కిటికీలల్లకెళ్లి జనం చూసి నవ్వుతున్రు. అత్తకు గూడ నవ్వాగుతలేదు. "పెండ్లైన కొత్తల గూడ గిట్లనే నూకిచ్చిండు నాతోని, స్కూటరు!" అని అందరికి వినపడేటట్టు చెప్పింది. నవ్వి నవ్వి నాకు కడుపుల నొప్పి లేచింది.

ఇంటికొచ్చి పళ్లెం దించి చూసినంక గని, నా నవ్వు పోయింది. గాలి సూటిగ తగిలిన దిక్కు మొగ్గలు అంచుల కమిలి గోధుమ రంగుకొచ్చినయి. ఎండకు వాడినట్టు కాదు, చలికి కమిలినయి. ఎనిమిది జడలు గిట్లనే అయితే అనురాధమ్మకు ఏ ముఖంతోని చూపియ్యాలె? కుర్చీ యాదికొచ్చింది. బడి ఆఫీసు, ఇనుప బీరువా, ఆ కుర్చీ.

పందొమ్మిదేండ్లల్ల మామ కొన్నదేది బాగలేదని నేను ఎన్నడు అనలే. పళ్లెం తీస్కపోయి ఆయన ముందట పెట్టిన.

"మామా, ఇది వద్దు" అన్న.

ఆయన అద్దాలు పెట్టుకోని మొగ్గ మొగ్గ చూసిండు. ఒకటి చేతుల పట్టుకోని వాసన చూసిండు. నోటుబుక్కు తెరిచి తన పట్టికను గడి గడి మళ్ల చూసుకున్నడు. నేను లోపటికి పోయి చాయ్ పెట్టిన.

*

సోమవారం పొద్దున లేచి చూస్తే కవరు లేదు, కారు లేదు, మామ లేడు. నాకు గాబరా అయింది. గల్లీ చివరకు ఉరికితే, ఖదీర్ భాయ్ షెడ్డు ముందట కారు బానెట్ ఎత్తి ఉన్నది, పక్కన స్టూలు మీద మా మామ చాయ్ తాక్కుంట కూసున్నడు.

ఖదీర్ భాయ్ పెద్ద కంప్రెసర్ ఊడదీసి, అండ్ల నుంచి నూనెను తెల్లగుడ్డ మీద పోసి చూపిచ్చిండు. నల్లగ, పొడి పొడిగ ఉన్నది. "చూసిన్రా సాబ్, పైపులు కడగకుంటనే బిగిచ్చిండు. ఇంకొక వారమైతే ఇది గూడ పట్టేసేది."

మామ గ్యారంటీ కాగితం విప్పిండు. కింద చీమ తలకాయంత అక్షరాలల్ల, వేరే సైజు బండికి బిగిస్తే గ్యారంటీ చెల్లదని, ఒకసారి బిగిచ్చినంక వాపసు తీసుకునేది లేదని ఉన్నది. జిందగీ అంత ఆఫీసుల చిన్నక్షరాలు చదివి అందర్ని పట్టిచ్చిన మనిషి, ఆ ఒక్కసారి చదువలే. ఆయన ముఖం చూసి నాకు పాపమనిపిచ్చింది.

"భాయ్" అన్నడు మామ, "నీకు ధర అడుగుత లేను. కవరు అడుగుత లేను. గురువారం సాయంత్రానికి ఇస్తవా?"

"గురువారం మగ్రిబ్ నమాజుకు పోకముందే ఇస్త సాబ్."

మామ నోటుబుక్కు తీసిండు. నేను భుజం మీదకెళ్లి తొంగి చూసిన. పట్టిక మీద అడ్డంగ ఎర్రగీత గొట్టి, కింద రాసిండు: టెండరు రద్దు. పని పోటీ లేకుండా, నామినేషన్ మీద ఖదీర్ గారికి ఇవ్వడమైనది. కారణం: ఏం పోతదని అడిగిండు.

ఆ మూడు రోజులు మామ ఇంటి మొఖం చూడలే. స్టూలు మీదనే కూసున్నడు. ఖదీర్ భాయ్ పైపులు విప్పి కడుగుతుంటే టార్చిలైటు పట్టిండు. పైపులల్ల తేమ గుంజుకునే డబ్బా కొత్తది పెట్టిచ్చిండు. ఇంజిన్ ముందటి జాలీల పాతికేండ్ల దుమ్మును బ్రష్షుతోని తనే కడిగిండు. అత్త టిఫిన్ డబ్బా పంపేది, ఇద్దరికి సరిపోయేటంత. బుధవారం నేను పోయేసరికి ఇద్దరు ముసలోళ్లు ఒక్క డబ్బాల పులిహోర తినుకుంట, ఆ లావు పుస్తకం తెరుచుకోని కొట్లాడుకుంటున్రు.

"గీ పుస్తకం రాసినోడు బండి తోలలేదు సాబ్" అంటున్నడు ఖదీర్ భాయ్.

*

శుక్రవారం తొమ్మిదిన్నరకు ఎనిమిది జడలు తయారు. మొగ్గలన్ని మూసుకోనే ఉన్నయి, పసిపిల్ల పాలపండ్ల లెక్క తెల్లగ. వెనుక సీటు నిండ పళ్లాలు పెట్టి, నేను ఒక మూలకు ముడుచుకోని కూసున్న. పెండ్లిపిల్ల జడ మాత్రం అత్త ముందట సీట్ల ఒళ్లె పట్టుకున్నది. మామ ఇస్త్రీ అంగి తొడుక్కున్నడు. బటన్ నొక్కిండు. చప్పుడు లేదు, దగ్గు లేదు. మెల్లగ, సన్నగ, చల్లగాలి.

ఆబిడ్స్ జీపీవో కాడ ఆగిపోయినం. రోడ్డు తవ్విన్రు. ముందట లారీ, పక్కకు సిటీ బస్సు, వెనుక వంద ఆటోలు. పది నిమిషాలు. ఇరవై. కారు కదుల్త లేదు, ఎండ మాత్రం అద్దాల మీదికెళ్లి కుమ్మరిస్తున్నది. సిగ్నల్ కాడ ఏసీ బంద్ చేసుడు మామకు పాత అలవాటు. ఆయన చెయ్యి దానంతటదే బటన్ దిక్కు పోయింది. చెయ్యి అక్కడి దాంక పోయి, ఆగి, మళ్ల స్టీరింగ్ మీదికొచ్చింది.

ఇంజిన్ వేడి చూపే ముల్లు మెల్లగ లేస్తున్నది. ముగ్గురం దాన్నే చూస్తున్నం. పావుకు వచ్చింది. సగానికి వచ్చింది. అత్త పెదవులు ఆడుతున్నయి, ఏ దేవునికి మొక్కుతున్నదో. ముల్లు సగం కాడ నిలబడ్డది. ఇగ కదల్లే.

"నిలకడ" అన్నడు మామ. ఎవ్వలతోనన్నడో గని, ఆ మాట ఖదీర్ భాయ్‌దే.

లారీ కదిలింది. పదకొండింటికి హిమాయత్‌నగర్ ఫంక్షన్ హాలు గేటు కాడ దిగినం. అనురాధమ్మ ఎదురొచ్చి తడిగుడ్డ ఎత్తి చూసి గాబరా పడ్డది. "రజనీ, ఒక్క మొగ్గ గూడ విచ్చుకోలే కదే!"

"మండపంల చూడున్రి అమ్మా" అన్న. నా గొంతు నాకే కొత్తగ వినపడ్డది, గంత ధైర్యంగ ఉన్నది.

జడలు కట్టేసి హాలు వెనుక నిలబడ్డ. జీలకర్ర బెల్లం పెట్టే టైముకు శ్రీవిద్య తల వంచింది. పందిట్ల మనుషుల వేడికి, దీపాల వేడికి మొగ్గలు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నయి. మెడ కాంచి నడుము దాంక తెల్లగ పూసింది ఆ జడ. వాసన మూడో వరుస దాంక వచ్చింది. ఫోటోలాయన పెండ్లికొడుకును విడిచిపెట్టి జడనే తీస్తున్నడు. అనురాధమ్మ అంత మందిల నన్ను ఎతుక్కోని, శెభాష్ అన్నట్టు చెయ్యెత్తి ఊపింది. నాకు ఏడుపొచ్చింది. సంతోషం పట్టక వచ్చే ఏడుపు ఎంత మంచిగుంటదో ఆనాడు తెలిసింది.

తిరిగి చూస్తే తలుపు కాడ మామ. పిలవని పెండ్లికి లోపటికి రానని గేటు కాడనే ఆగుతనన్న మనిషి, చెప్పులు చేతుల పట్టుకోని నిలబడ్డడు. గడియారం చూసుకున్నడు.

"పదకొండు నలభై రెండు" అన్నడు. "మొగ్గలు టైముకు డ్యూటీల చేరినయి."

*

ఆ నెల ఇంకో తొమ్మిది పెండ్లిళ్లకు పోయినం. ఫోటో చూసి పిలిచినోళ్లే అందరు. జూన్ వచ్చింది. మృగశిర నాడు చేప మందు కోసం ఊర్లకెళ్లి వచ్చిన జనంతోని మా నాంపల్లి గల్లీలన్ని నిండిపోయినయి, పొద్దుగాలనే తొలి వాన గూడ పడ్డది. మర్నాడే బడి తెరుసుడు. ఆ కుర్చీ ముచ్చట మామ ఎత్తుతలేడు, నేను ఎత్తుతలేను. భయం భయంగనే ఉన్నది నాకు.

మధ్యాహ్నం అన్నాలైనంక మామ పిలిచిండు. టేబుల్ మీద టైపు కొట్టిచ్చిన కాగితం, రెండు కాపీలు, నడుమ కార్బన్. ఆఫీసుల ఒకరు దిగి ఇంకొకరు ఎక్కేటప్పుడు, ఉన్న సామాన్లన్ని రాసి సంతకాలు తీసుకునే చార్జ్ లిస్టు అది.

"బడి దోస్తుకు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పిన" అన్నడు. "మా కోడలు రాదు, ఆమెకు వేరే చార్జ్ ఇస్తున్నమని. అన్ని సరిచూసుకోని సంతకం పెట్టు."

నేను పైకి చదివిన. ఒకటి: కారు, నీలి రంగు, పనిచేయుచున్నది. రెండు: తాళంచెవులు, జత. మూడు: స్టెప్నీ టైరు. నాలుగు: జాకీ. ఐదు: కవరు, రెండు చోట్ల చినిగినది. ఆరు: కంప్రెసర్, ఖదీర్ గారు బిగించినది, ఉత్తమ స్థితి. ఏడు: కంప్రెసర్, పెద్దది, పనికిరానిది, వంటింటి తలుపుకు అడ్డం పెట్టుకొనుటకు మాత్రమే.

"నన్ను ఏ నంబరు కింద రాసినవ్?" అని అత్త వంటింట్లకెళ్లి అరిచింది.

"నీ చార్జ్ ఇచ్చేటంత హోదా నాకు లేదే" అన్నడు మామ.

ఎనిమిదో నంబరు టైపు కాలేదు. కింద ఎర్ర సిరాతోని చేతిరాత ఉన్నది: డ్రైవరు, ఒకడు, పాత మాలు, పనిచేయుచున్నడు.

నాకు అక్షరాలు కనపడలే, కండ్లు నిండినయి. పెన్ను పట్టుకోని, ఆఫీసోళ్ల లెక్క అడిగిన.

"మామా, ఎనిమిదో నంబరుకు గ్యారంటీ కాగితమేది?"

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నడు.

"కాగితమెందుకు బిడ్డా" అన్నడు, "నేనున్న గద."

రెండు కాపీల మీద సంతకం పెట్టిన.